గుర్తు లేని ఎర్రకోటు

సోమవారం పెత్తందార్ల వీధి, మంగళవారం సాలెవాళ్లు, బుధవారం కంసాలులూ కుమ్మర్లూ కలిపి, గురువారం కరణంగారిల్లు ఒక్కటే. కరణంగారింట్లో పదకొండుమంది ఆడవాళ్లు, పైగా మడి పట్టింపు, ఆ ఒక్క ఇంటికే రోజు చాలేది కాదు. ఏలేరు ఒడ్డున పెదరేవులో చాకలి సన్యాసమ్మకి వారమంటే అదీ. పొద్దున్నే బట్టలకి చవుడుమట్టి పట్టించి బానకెక్కించేది. ఉడికాక బండ మీద బాది, జాడించి, పిండి, దండేల మీద ఆరేసేది. ఆరిన బట్టలు దండెం దిగి ఎవరిళ్లకి అవి నడిచిపోయేవి.

అంగీలు చేతులూపుకుంటూ ముందు పోయేవి. పంచెలు ఒట్టి బద్ధకపువి, ఈడ్చుకుంటూ వెనకబడేవి. గోచీలు మాత్రం కంచెల చాటున, ఎవరి కంటా పడకుండా గబగబా వెళ్లేవి. వాటికి ఎదురుపడితే పెదరేవువాళ్లే కాదు, చుట్టుపక్కల పది ఊళ్లవాళ్లూ పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. ఇంటికి పోయే బట్టకి అడ్డం నిలబడితే ఆ యేడంతా ఒంటిమీదికి గుడ్డ దొరకదని పెద్దల మాట. ఎద్దుబండైనా ఆగాల్సిందే. గడప దాకా వచ్చి బట్ట నిలబడిపోయేది. ఇంటిమనిషి చేత్తో అందుకుంటే లొంగేది గానీ, పరాయివాడు లాగితే ఇసుమంతైనా కదిలేది కాదు. అందుకే పెదరేవులో బట్టల దొంగల మాటే లేదు.

ఏ బట్ట ఏ ఇంటిదో చెప్పడానికి దాని మూల నల్లజీడి రసంతో ఓ గుర్తు. కరణంగారింటికి నామం, సాలె వీరన్న ఇంటికి మూడు చుక్కలు, కుమ్మరింటికి సున్నా. కొత్త బట్ట చేతికొస్తే సన్యాసమ్మ అడిగేది ఒకటే ప్రశ్న, "ఎవరింటిది?" అని. మనిషి పేరు అడిగేది కాదు. మనుషులు వస్తారు, పోతారు, ఇల్లు ఇల్లే కదా. ఇక ఆవిడ సొంత బట్టలకి గుర్తంటూ లేదు. రేవు పక్కనే గుడిసె, చాకలింటి గుడ్డకి దారి చెప్పాలా ఏంటి.

ఒక్కటే చేదు ఇందులో. బట్ట దారిలో ఉండగా కట్టుకునే మనిషి పోతే, బట్ట ఉన్నచోటే కూలబడేది. అప్పుడు చాకలే పోయి దాన్ని రెండు చేతుల మీదా తీసుకుని ఆ ఇంటికి చేర్చాలి. ఇరవై ఏళ్ల కిందట వరదలో మొగుడు కొట్టుకుపోయిన రోజున, గట్టు మీద కూలబడ్డ వాడి తలపాగాని సన్యాసమ్మ అలాగే ఇంటికి తెచ్చుకుంది.

ఆ మొగుడి వల్ల మిగిలింది ఒక్క కొడుకు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు దక్కాలని పుట్టగానే పెంటకుప్ప మీద పడేసి, చేటెడు తవుడిచ్చి పక్కింటావిడ దగ్గర కొనుక్కుని, పెంటయ్య అని పేరెట్టుకుంది. వాడు దక్కాడు. దక్కి, మీసాలొచ్చాక, రెండేళ్ల కిందట గాడిదల్ని రేవులోనే వదిలేసి, చెప్పకుండా ఎటో పోయాడు. ఎర్రకోటు తొడుక్కుని తుపాకీ పట్టుకున్నాడని ఎవరో అన్నారు. బతికున్నాడు, చాలనుకుంది సన్యాసమ్మ. చాలని నోటితో అనుకుందే గానీ, రోజూ దండెం మీద ఓ చివర చారెడు జాగా ఖాళీగా వదిలేది.

ఆ యేడు మార్గశిరంలో ఊరికి రెండు పక్కలా రెండు దండులు దిగాయి. గుడ్డలు కొనుక్కుంటామని ఓడలేసుకొచ్చిన రెండు కుంఫిణీలు, ఇంగ్లీషువాళ్లదొకటీ పరాసులనే ఫ్రెంచివాళ్లదొకటీ, ఇప్పుడు ఊళ్లు నావంటే నావని కొట్టుకుంటున్నాయి. ఉత్తరాన ఒక రాజుగారు ఇంగ్లీషువాళ్లని వెంటేసుకొచ్చాడు. చుట్టుపక్కల జమీందార్లు తమ బంట్లని పరాసులకిచ్చారు. పెదరేవు ఎటువైపని మాత్రం ఎవరూ అడగలేదు. కరణంగారు ముందుజాగ్రత్తగా కొబ్బరికాయలు రెండు తెప్పించి అరుగు మీద పెట్టుకున్నాడు, ఎవరు గెలిస్తే వాళ్ల ముందు ఒకటి కొట్టి, రెండోది పచ్చడి చేయించుకోవచ్చని. ఉత్తరాన ఇంగ్లీషు డేరాలు, దక్షిణాన పరాసు డేరాలు, మధ్యలో నిలువెత్తు జొన్నచేలు. మూడు రోజులు ఎవరూ కదల్లేదు. జొన్న కోతకొచ్చింది, ఈ తగువేదో తేల్చుకుని పోతే కోసుకుంటాం గదా అని రైతులు విసుక్కున్నారు.

నాలుగో రోజు ఇంగ్లీషు దండులోంచి జమేదారు దస్తగిరి సాయిబు రేవుకొచ్చాడు. బందరు మనిషి, మీసాల మీద నిమ్మకాయలు నిలుస్తాయి, మాట మాత్రం మెత్తన. రేపు మధ్యాహ్నం దొర పటాలాన్ని వరసలో నిలబెట్టి చూస్తాడట. ఎనభై కోట్లు, దారి దుమ్ముకి ఎర్రవో మట్టివో తెలియడం లేదు. ఉతికి ఆరేస్తే వాటంతటవే వస్తాయటగా అన్నాడు. వస్తాయి బాబూ అంది సన్యాసమ్మ. మోత ఖర్చు తప్పిందని సాయిబు సంబరపడి, పటాలాన్నంతా కోట్లు చంకనేసుకుని వరసగా రమ్మన్నాడు.

సన్యాసమ్మ జీడిపిక్క, పుల్ల పట్టుకుని బండ మీద కూర్చుంది. ఒక్కొక్కడూ వచ్చి కోటివ్వడం, ఆవిడ ఎవరింటిదని అడగడం. పటాలమంతా గోదారి వైపు వాళ్లే. ఒకడిది ముమ్మిడివరం, ఒకడిది తణుకు, ఇంకొకడిది నరసాపురం దగ్గర పల్లె. నెలల తరబడి ఇంటి ఊసెత్తనివాళ్లు, ఇల్లని ఎవరో అడిగేసరికి నోళ్లు విప్పారు. గుమ్మం ముందు మునగచెట్టుందని ఒకడు, వీధిలో నాలుగోదని ఒకడు, అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంటుంది, కోటు చూసి భయపడుద్దేమోనని ఇంకొకడు. సన్యాసమ్మ అన్నీ ఓపిగ్గా విని, ఒక్కో ఇంటికీ ఒక్కో గుర్తు పెట్టింది. డేరా అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. అడిగినావిడకీ తట్టలేదు, చెప్పినవాళ్లకీ తట్టలేదు. డేరా ఇల్లెలా అవుద్ది?

వరసలో చిట్టచివరివాడు తలొంచుకుని కోటు ముందుకి చాపాడు. ఆ చేతులు చూసి సన్యాసమ్మ పుల్ల జారవిడిచింది. చిన్నప్పుడు బాన అంచు తగిలి కాలిన మచ్చ ఎడం మణికట్టు మీద అలాగే ఉంది.

మిగతావాళ్లు నీళ్లలోకి దిగేదాకా ఆగి, వాడు గొంతు తగ్గించి అన్నాడు.

"నన్ను ఎరగనట్టుండవే అమ్మా. నీకు దండం పెడతాను. ఇక్కడ నేను వీరరాఘవుల్ని. చాకలోణ్ణని తెలిస్తే తుపాకీ లాక్కుని దొరల బట్టలుతకమంటారు."

"రెండేళ్లకి కనబడి ఎరగనట్టుండమంటున్నావు."

"నీ మీద ఒట్టు, వేరే దారి లేదే."

సన్యాసమ్మకి లెంపకాయ కొట్టాలనిపించింది, దగ్గరికి లాక్కోవాలనిపించింది, ఏం తింటున్నావురా ఇలా చిక్కిపోయావని అడగాలనిపించింది. ఏదీ చెయ్యకుండా పుల్ల ఏరుకుని తీసి, పరాయి సిపాయిని అడిగినట్టే అడిగింది.

"అలాగే. నేనెరగను. ఈ కోటు ఎవరింటిది బాబూ?"

ఆ 'బాబూ' వాడికి చురుక్కున తగిలింది. నేల చూపులు చూస్తూ, కడియంలో మోతుబరి నాగన్ననాయుడిగారింటిదని చెప్పి వెళ్లిపోయాడు.

రేవులో ఉన్న నాలుగు చాకలిళ్లవాళ్లూ తలో చెయ్యి వేశారు. ఇంత మందం గుడ్డ వాళ్లెవరూ ఎరగరు. బానలో ఉడికితే రంగు దిగిపోతుందని చల్లనీళ్లలోనే తొక్కారు. అయినా దిగినంత దిగింది. ఏరు కిందికంటా ఎర్రబారి, దక్షిణాన రేవులో ఉతుక్కుంటున్న పరాసు పటాలం తెల్లకోట్లు తాంబూలం వేసుకున్న నాలుకల్లా తేలాయని తర్వాత తెలిసింది. పొద్దుగూకేవేళకి ఎనభై కోట్లూ దండేల మీదికెక్కాయి.

కొడుకు కోటు దగ్గర సన్యాసమ్మ చెయ్యి ఆగిపోయింది. నాగన్ననాయుడింటి గుర్తు పెడదామని పుల్ల ముంచింది. పెట్టలేకపోయింది. మళ్లీ ముంచింది. దొంగ గుర్తు పెట్టిన చేత్తో ఇక ఏ బట్ట ఉతికినా నిలవదని అత్త చెప్పిన మాట ఒకటి. అంతకంటే, పెంటకుప్ప మీంచి తవుడిచ్చి కొనుక్కున్నవాణ్ణి ఎవడో నాయుడికి రాసివ్వడానికి మనసు రాలేదు. పోనీ మన ఇల్లని పెడదామంటే మాటిచ్చింది, పైగా మన ఇంటికి గుర్తే లేదాయె. మూడోసారి ముంచిన పుల్ల ఏట్లో పారేసి, ఆ కోటుని అలాగే, దండెం చివర ఖాళీగా ఉంచే చారెడు జాగాలో ఆరేసింది. అది రేపు అక్కడే వేలాడుతుంది, ఆ వంకన వాడు వచ్చి తీసుకుంటాడు, ఇంకోసారి చూడొచ్చు. అదీ ఆవిడ లెక్క.

తెల్లారి పొద్దు బారెడెక్కింది. ఇంగ్లీషు డేరాల దగ్గర ఎనభైమంది గోచీలతో చలికి మంట కాగుతూ, గంజి తాగుతూ కోట్ల కోసం ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడే దక్షిణం నుంచి పరాసుల నగారా మోగింది. నాలుగు రోజులు కదలనివాళ్లకి ఇవాళే పౌరుషం వచ్చింది. దస్తగిరి సాయిబు తుపాకులు తీయండని అరుస్తూ, కోట్లేవిరా కోట్లేవిరా అని రేవుకేసి మనిషిని తరిమాడు.

ఆ మనిషి వచ్చేసరికే కోట్లు దిగుతున్నాయి. డెబ్భైతొమ్మిది కోట్లు బొత్తాలు సర్దుకుని, చేతులు దులుపుకుని, ఇద్దరిద్దరుగా బయల్దేరాయి. ఒక్కటి మాత్రం దండెం చివర కదలకుండా వేలాడింది. సన్యాసమ్మ దానికేసి ఓసారి చూసి, మిగతావాటి వెంట చూపు పోనిచ్చింది. రేవు దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే డేరాలు, ఎడమకి పోతే జొన్నచేలు, ఆ అవతల పరాసులు, ఆ అవతల గోదారి. కోట్లు తడుముకోకుండా ఎడమకి తిరిగాయి.

అప్పుడు తట్టింది. నా బుద్ధి గడ్డితిన్నదని నెత్తి కొట్టుకుని సన్యాసమ్మ ఏటిగట్టు మీద పరిగెత్తింది. ఆగండే, మీ మనుషులు ఇటున్నారే అని కేకలేసింది. ఇంటిముఖం పట్టిన బట్ట ఎవరి మాట వింటుంది గనక. తణుకు కోటొకటి, పాపం, వెనక్కి తిరిగి చూసినట్టే చూసి మళ్లీ నడిచింది.

గట్టు మీంచి చేలన్నీ కనిపిస్తున్నాయి. జొన్నకంకుల మధ్య ఎర్రగా వరసలు వరసలు వస్తుంటే పరాసు దొరలు ఇంగ్లీషు దండంతా మీదపడుతోందనుకున్నారు. జొన్న ఎత్తుగా ఉంది, తలలున్నాయో లేవో ఎవరు చూడొచ్చారు. ఫిరంగులు పేలాయి. గుండు తగిలిన కోటు ఓ క్షణం ఆగి, చిల్లు తడుముకుని, మళ్లీ దారిన పడేది. ఇంకా కాల్చారు, ఇంకా వచ్చాయి. ఫిరంగుల ముందు బల్లేలతో నిలబడ్డది మన చుట్టుపక్కల జమీందార్ల బంట్లు. కోట్లు చేను దాటి బయటపడేసరికి వాళ్లకి సంగతి అర్థమైంది. పెదరేవు బట్టలురా, ఇంటికి పోతున్నాయి, తప్పుకోండని ఒకడన్నాడు. మర్యాదగా ఇటు సగం అటు సగం తప్పుకుని, బల్లేలు దించి, మధ్యలో బండి పట్టేంత దారిచ్చారు. గుర్రం మీద దొర కత్తి ఊపుతూ వాళ్ల భాషలో ఏదేదో తిట్టాడు. ఏం తిట్టినా, ఏడాది పొడుగునా గుడ్డ లేకుండా ఉండేది వాళ్లు గానీ దొర కాదు గదా.

ఆ దారిలోకే ఎనభైమంది గోచీగాళ్లు తుపాకులతో వచ్చిపడ్డారు. తమ కోట్లు తమని వదిలేసి శత్రువులోకి నడిచిపోతుంటే వాళ్లకి యుద్ధం గుర్తులేదు, కోటు పోతే పడే కొరడాదెబ్బలే గుర్తున్నాయి. ఒరే నా కోటు, నా కోటు అని అరుచుకుంటూ పరిగెడుతున్నారు. వాళ్ల మధ్యలో పెంటయ్య కూడా ఉన్నాడు, తన కోటూ వాటిలోనే ఉందనుకుని.

ఫిరంగులు ఇప్పుడు మనుషులకేసి తిరిగాయి. దూరంగా నడుస్తున్న కోట్లలో ఒకటి చిల్లేమీ పడకుండానే దభీమని కూలబడింది. ఇంకొకటి. సన్యాసమ్మకి తెలిసింది, ఆ కోట్ల మనుషులు పోయారు. వాణ్ణి పిలవాలి. ఒరే పెంటయ్యా అని ఒక్క కేక, ఆ గొంతు ఎక్కడున్నా వింటాడు. వింటే వాడితో పాటు పటాలమంతా వింటుంది. నీ మీద ఒట్టన్నాడు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూసింది. గుర్తు లేని కోటు, తీరిగ్గా ఆరి, తీరిగ్గా దిగి, గట్టు మీంచి ఊరివైపు పోతోంది. అందరూ దక్షిణానికి పరిగెడుతుంటే అదొక్కటే ఉత్తరానికి నడుస్తోంది. మోచేతి మీద పెంటయ్య తానే వేసుకున్న మాసిక, తల్లి దగ్గర నేర్చిన అడ్డకుట్టు, ఎండలో తెల్లగా కనిపిస్తోంది. పరిగెడుతూ గట్టుకేసి తల తిప్పిన పెంటయ్య దాన్ని చూశాడు. పరుగులోనే ఆగాడు. రాఘవులూ ఇటురారా అని పక్కవాళ్లు పిలుస్తున్నా వినకుండా, వెనక్కి తిరిగి గట్టుకేసి పరిగెత్తాడు. పది బారలు పోయాడో లేదో, వాడు వదిలిన చోట గుండు పడి గాడిద పట్టేంత గొయ్యయింది.

సన్యాసమ్మ అక్కడే కూలబడింది. తర్వాత పరాసులు ఫిరంగులు వదిలేసి ఎలా పారిపోయారో, ఒంటిమీద గుడ్డయినా లేకుండా ఇంత తెగించి వచ్చేవాళ్ల వెనక ఎంత దండుందోనని ఎలా బెదిరారో ఆవిడ చూడనే లేదు. జనం చెప్పగా విన్నది.

లేచి ఇంటికి పోయేసరికి గడప ముందు కోటు నిలబడి ఉంది. పెంటయ్య దాని పక్కనే అరుగు మీద, ఒళ్లంతా బురదతో, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. కోటు ముట్టుకోలేదు.

ఇంతలో దస్తగిరి సాయిబు వాణ్ణి వెతుక్కుంటూ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. గెలిచిన జమేదారు, నడుముకి కత్తి, దాని కింద గోచీ. ఆయన కోటు కూడా బందరులో తల్లి దగ్గరికి బయల్దేరిపోయింది. పెంటయ్యని చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నీకటూ ఇటూ ఉన్న ఇద్దరూ చెరో పక్కకీ పడి బతికార్రా. మధ్యలో నువ్వుంటే ముక్క కూడా దొరికేది కాదు. లే, కోటు తొడుక్కో, దొర పిలుస్తున్నాడు."

పెంటయ్య లేవలేదు. సాయిబు తానే కోటు పట్టుకుని లాగాడు. కదల్లేదు. ఇద్దరు సిపాయిలు చెరో చేతినీ పట్టి లాగారు, తర్వాత అందరూ ఒకళ్ల నడుమొకళ్లు పట్టుకుని లాగి, పట్టు జారి వాకిట్లో కుప్పగా పడ్డారు. కోటు ఉన్నచోటే ఉంది. సాయిబు మీసం దులుపుకుంటూ సన్యాసమ్మని అడిగాడు.

"ఏవమ్మా, పరాయి చేతికి లొంగదంటగా ఇది. ఇంతకీ ఎవరింటిది?"

బతుకంతా తాను అడిగిన ప్రశ్న, మొదటిసారి తననే అడిగారు. సన్యాసమ్మ కొడుకుకేసి చూడలేదు.

"నాకేం తెలుసు బాబూ. దారి తప్పి వచ్చుంటుంది. ఈ అబ్బాయెవరో నేనెరగను."

ఆ మాటకి పెంటయ్య తలెత్తాడు. తల్లి మొహం చూశాడు. ఆవిడ గోడకేసి చూస్తోంది. వాడు లేచి, ఒళ్లు దులుపుకుని, గడప దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపాడు. కోటు ఎముకల్లేనట్టు వాడి చేతుల మీద వాలి, మడత పడింది.

"అమ్మా, ఆకలేస్తోందే," అన్నాడు.

సిపాయిలు నోళ్లు తెరిచారు. సాయిబు వాణ్ణీ, గుడిసెనీ, బానల్నీ, గాడిదల్నీ వరసగా చూసి అరుగు మీద చతికిలబడ్డాడు. మేమూ పొద్దున్నుంచీ గంజి మీదే ఉన్నామమ్మా అన్నాడు. ఆ పూట సన్యాసమ్మ బట్టలుడికే బానని తోమి అన్నం వండింది. కరణంగారింటి నుంచి కొబ్బరి పచ్చడి వచ్చింది.

దారిలో కూలబడ్డ కోట్లు అయిదు. మిగతావి నాలుగు రోజులకి కొన్ని, వారానికి కొన్ని ఇళ్లకి చేరాయి. ఈ అయిదింటినీ చాకలే చేర్చాలి. సన్యాసమ్మ గాడిద మీద గోనె పరిచి బయల్దేరుతుంటే, పెంటయ్య సాయిబు దగ్గర సెలవడిగి, ముందు నడిచాడు. తిరిగి రమ్మని సాయిబూ అనలేదు, వస్తానని వాడూ అనలేదు. తుపాకీ మాత్రం ఇచ్చేశాడు. కోటుని ఇచ్చేద్దామని చూశాడు గానీ, అది ఎన్నిసార్లు డేరాలకి పంపినా, తడిసి ఆరిందంటే చాలు, ఇంటికొచ్చేసేది.

అయిదో ఇల్లు ముమ్మిడివరంలో, గుమ్మం ముందు మునగచెట్టు. పెంటయ్య రెండు చేతుల మీదా కోటు పట్టుకుని నిలబడ్డాడు. ముసలావిడ బయటికొచ్చి, కోటు చూసి, దాని మూలనున్న మునక్కాయ గుర్తు చూసి, అందుకుని చాలాసేపు గుండెకి అదుముకుని కూర్చుంది. పెంటయ్య కదలకుండా పక్కనే కూర్చున్నాడు. ఎప్పటికో ఆవిడ కళ్లు తుడుచుకుని, వాడి గడ్డం పట్టుకుని అడిగింది.

"నువ్వు ఎవరింటి అబ్బాయివి నాయనా?"

"పెదరేవు చాకలి సన్యాసమ్మ కొడుకునండి. పెంటయ్యని," అన్నాడు వాడు.